పొలిగీత మీద మూడు చుట్లు

సర్వేయరు అప్పలనరసింహం కాగితం మీద నిజం రాసే మనిషే అయితే, పోతురాజు ఈపాటికి సర్కారు కొలువులోనే ఉండి, రాబోయే పింఛను గురించి టీ కొట్టు దగ్గర గొప్పలు చెప్పుకుంటూ ఉండేవాడు. పదిహేడేళ్ల కిందట రావికమతం దగ్గర ఒక హద్దు రాయిని నాలుగు గజాలు పక్కకి పాతించింది అప్పలనరసింహం. అది బయటపడ్డ రోజున ఆయన రాసిన మాట పోతురాజుకి ఇప్పటికీ కంఠతా వచ్చు. “చైన్‌మేన్ ఏడో తరగతితో చదువు మానిన వ్యక్తి. గొలుసు లెక్క తెలియక పొరపాటు చేశాడు.” గొలుసుకి వంద లింకులు, అరవై ఆరు అడుగులు. పదహారో ఏట నుంచి ఆ గొలుసు లాగి లాగి భుజం ఒరిసిపోయిన మనిషికి లెక్క తెలియదట!

కొలువు పోయాక పోతురాజు అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టు మేడ మీద గది తీసుకుని ‘ఆచూకీలు, విచారణలు’ అని బోర్డు కట్టాడు. చెప్పకుండా పోయిన పెళ్లికొడుకులు, దొంగ సంతకాలు, తప్పిపోయిన గేదెలు. యాభై రెండేళ్లొచ్చాయి. పెద్ద కేసు ఒక్కటీ రాలేదు.

ఇవాళ ఉదయం పదిన్నరకి కాలేజీ రెండో అంతస్తులో, ఏసీ కింద కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏటోయ్ పోతురాజూ! నువ్వింకా ఉన్నావేటి?” అన్నాడు అప్పలనరసింహం. రిటైరయ్యాక కాలేజీ వాళ్ల పటాల ప్రాజెక్టుకి సలహాదారు అయ్యాడట.

“మీరు పాతించిన రాయి లాంటోణ్ణి కానండి. ఎక్కడుండాలో అక్కడే ఉన్నాను.”

పోతురాజుని పిలిపించింది చరిత్ర చెప్పే డాక్టర్ పావని. ఆవిడ గట్టిగా దగ్గి, గోడ మీద పెద్ద తెర వెలిగించింది.

మూడు విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి ఈ చుట్టుపక్కల పల్లెల పాత బతుకునంతా కంప్యూటర్ పటంలో పెడుతున్నారు. ఆగిపోయిన సంతలు, పూడిపోయిన కాలిబాటలు, పాడుబడ్డ గానుగలు, ఒక్కో చోటికి ఒక్కో చుక్క. పావని ఒక చుక్క మీద నొక్కింది. దేముడమ్మ అనే ముసలావిడ గొంతు పలికింది. “పెనంలోంచి తొలి పాకం గరిటి తీసి ఆకులో ఏసీవోరు నాయినా. అది అమ్మోరిది. పిల్లలు ఎంతేడిసినా పెట్టేవోరు కారు.”

పోతురాజు ముక్కుకి మరుగుతున్న చెరకు రసం వాసన తగిలింది. నలభై ఏళ్లనాటి వాసన. ఆకులో చల్లారుతున్న పాకం చుట్టూ అన్నయ్య పరదేశీ తనూ కూర్చుని, ఎవరు ముందు వేలు పెడతారా అని ఒకరినొకరు కాపలా కాసుకోవడం గుర్తొచ్చింది. తల విదిలించాడు.

“కేసంతా చెప్పండి మేడమ్.”

కేసు ఇదీ. బుచ్చయ్యపేట దారిలో ఈతమానుపాలెం. అది పోతురాజు పుట్టిన ఊరే. ఆ ఊరి మరిడమ్మ పండగలో పొలి చల్లే మనిషి బంగారయ్య. పసుపన్నం బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరి పొలిమేర చుట్టూ నడుస్తాడు. పొలిబుట్ట ఎత్తిన మనిషి ఆగకూడదు, మాట్లాడకూడదు, వెనక్కి తిరగకూడదు. ఎవరూ అతనికి ఎదురు రాకూడదు. డెబ్బై ఆరేళ్ల బంగారయ్య యాభై పండగలుగా ఆ గీత తొక్కుతున్నాడు. ఊరి పాత పటం చెదలు తినేసి ముప్పై ఏళ్లయింది. గీత ఇప్పుడు బంగారయ్య కాళ్లలో తప్ప ఎక్కడా లేదు.

ఆ గీతకీ తూర్పున ఉన్న కాలవకీ మధ్య నేల మరిడమ్మ మాన్యం. గీతకి పడమట ఉన్నది రైతులది. ఒక లేఅవుట్ కంపెనీ అక్కడ స్థలాలు కొనడం మొదలెట్టాక, మాన్యం ఎంతవరకు అన్నది కోర్టుకెక్కింది. పండితుల పటంలో బంగారయ్య నడక ఎలా పడితే దాన్ని సాక్ష్యంగా చూస్తామని కోర్టు అంది.

తొమ్మిది రోజుల కిందట, పగటిపూటే, ఖాళీ బుట్టతో, నడుముకి ఫోను కట్టుకుని బంగారయ్య పటం కోసం నడిచాడు. నడక ముగిసే ఎనిమిదో పొలిమేర రాయి దగ్గర, రోడ్డు పక్కన తల పగిలి దొరికాడు. ఏదో బండి గుద్దేసి పోయిందన్నారు. విశాఖ ఆస్పత్రిలో ఉన్నాడు. తెలివి రాలేదు. ఫోనులో గీత మాత్రం ఆఖరిదాకా ఉంది. అయితే నెల ముందు బంగారయ్య నోటితో చెప్పిన దారికీ, ఫోనులో పడ్డ దారికీ అయిదో రాయి దాటాక పొంతన లేదు. గీత కాలవగట్టు దాకా తూర్పుకి జరిగిపోయింది. మాన్యం సగానికి సగం కరిగిపోయింది.

“ఇందులో విచారణకేముంది?” అన్నాడు అప్పలనరసింహం. “ముసలోడు నడిచిన గీత కాదది. కంప్యూటర్లో కూర్చుని గీసింది. ఫోను బాధ్యత ఎవరిది? ఆ అమ్మాయిది. కంపెనీ వాళ్లు ఏదో ముట్టజెప్పుంటారు. సాయంత్రం నాలుగ్గంటలకి మూడు యూనివర్సిటీల మీటింగు. పేరు కొట్టేసి పోలీసులకి అప్పజెప్పేస్తే సరి.”

ఆ అమ్మాయి లావణ్య. ఈతమానుపాలెం పిల్లే. ఆ ఊరి నుంచి పరిశోధన దాకా చదివిన మొదటి ఆడపిల్ల. మూల కుర్చీలో చున్నీ కొస నలుపుతూ కూర్చుంది. పోతురాజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“ఏడుపు నాలుగ్గంటల తరవాత ఏడుద్దువు గానీ, ముందు టైములు సెప్పమ్మా.”

“ఆరూ అయిదుకి మొదటి రాయి దగ్గర నేనే రికార్డింగు నొక్కి, తాత నడుముకి ఫోను కట్టేను బాబాయ్.”

“తరవాత?”

“ఎదురు రాకూడదని బస్సు స్టాపు దగ్గర టీ కొట్లో కూర్చున్నాను. తొమ్మిది దాటేక రమ్మన్నాడు. తొమ్మిదీ పదికి వెళ్లేను. అప్పటికే పడున్నాడు.”

“ఫోను?”

“నడుముకే ఉంది. కానీ ముడి నేనేసింది కాదు బాబాయ్. నేను రెండు పేటలు ముడేసేను. అక్కడున్నది మెలితిప్పి కొస లోపలికి దోపిన ముడి. చెరకు మోపుకి వేత్తారే, అలాటిది.”

“ఈ ముక్క ముందే సెప్పలేదేటి?”

“సెప్పేను. ఎవలూ రాసుకోలేదు.”

పోతురాజు అప్పలనరసింహం వైపు చూశాడు. ఆయన సీలింగు వైపు చూశాడు.

“గీత సూపించు బాబూ,” అన్నాడు పోతురాజు, కంప్యూటర్ దగ్గరున్న అనిల్‌తో. పటాలు గీసే పని ఆ కుర్రాడిదే. తెర మీద ఎర్రగీత పడింది. పట్టుదారంలా నున్నగా ఉంది.

“ఇంత నున్నగా ఎవడూ నడవడే?”

“మేమే నున్న చేస్తాం సార్. సిగ్నల్ అటూ ఇటూ గెంతుతుంది కదా, ఆ గెంతులన్నీ తీసేసి గీత సాపు చేశాకే మిగతా యూనివర్సిటీలకి పంపుతాం. అది మా పద్ధతి.”

“సాపు సెయ్యకముందుది?”

“ముడి ఫైలు. మేం ఉంచుకోం. లావణ్య దాచింది.”

తెర మీద ముడిగీత వచ్చింది. అయిదేసి సెకన్లకి ఒక చుక్క, చీమల బారులా. పోతురాజు కుర్చీలోంచి లేచి తెరకి దగ్గరగా వెళ్లాడు. ఒకటో రాయి నుంచి అయిదో రాయి దాకా చుక్కకీ చుక్కకీ ఎడం గొలుసు లింకుల్లా సమానం. అది బంగారయ్యే. చిన్నప్పుడు మేడ మీద నుంచి ఆ నడక చూడడానికి ఎంత తపించేవాళ్లో! చూడకూడదని అమ్మ కళ్లు మూసేది. వేళ్ల సందుల్లోంచి చూసేవాళ్లు.

“ఏడూ పదిహేనుకి అయిదో రాయి. ఇక్కడ సుక్కలన్నీ కుప్ప పడ్డాయేటి?”

“కదలిక లేదు సార్. ఏడూ ఇరవయ్యారు దాకా. పదకొండు నిమిషాలు.”

“ముసలోడు కూర్చుని బీడీ కాల్చుకున్నాడు,” అన్నాడు అప్పలనరసింహం.

“పొలిబుట్ట ఎత్తినోడు కూకోడండి. ఖాళీ బుట్టయినా అంతే. యాభై పండగల్లో ఆగనోడు మీ పటం కోసం ఆగుతాడా?” పోతురాజు వేలు తెర మీద జరుగుతోంది. “ఇదిగో, ఇక్కడి నించి అంగలు మారేయి. ఇది ముసలోడి నడక కాదు, పరుగు లాంటి నడక. ఏడూ నలభై తొమ్మిదికి మళ్లీ ఆగేడు, ఇరవై సెకన్లు. ఆ తరవాత... ఇదేటి?”

కాలవ వంపు దగ్గర గీత గుండ్రంగా మెలికపడింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. ఒక్కో చుట్టూ పదిహేను ఇరవై అడుగుల వెడల్పు.

“సిగ్నల్ దోషం,” అన్నాడు అప్పలనరసింహం. “చదువుకున్న వాళ్లని అడుగు. అందుకే నున్న చేసి పారేశారు.”

“సిగ్నలు గెంతితే కప్పలాగ ఎటు పడితే అటు గెంతుతాది. మూడు సార్లూ ఒకే కాసి, కుడి పక్కకే తిరిగి ప్రదక్షిణం సేత్తాదేటండి?”

 పావని కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

“అక్కడ గుడి ఏదీ లేదోయ్!” అప్పలనరసింహం గొంతు లేచింది. “ఉపగ్రహ చిత్రం చూడు. ఖాళీ నేల. ఖాళీ నేల చుట్టూ ఎవడు తిరుగుతాడు?”

 పోతురాజు జేబులోంచి మడత కాగితం తీసి పావని ముందు పెట్టాడు. బంగారయ్య సంగతని పావని ఫోనులో చెప్పగానే, ఉదయమే ఆస్పత్రికి వెళ్లి అతని తమ్ముడి దగ్గర తెచ్చుకున్నది.

“బంగారయ్య తల గాయంలో చెరకు సోగ, ఎండాకు ముక్కలు దొరికేయని రాసేరు మేడమ్. నెత్తురు గడ్డకట్టేసి ఉందని కూడా రాసేరు. ఎనిమిదో రాయి దగ్గర చెరకు లేదు, తార్రోడ్డు. ముసలాయన దెబ్బ తిన్నది రోడ్డు మీద కాదు. అయిదో రాయి దగ్గర, ఏడూ పదిహేనుకి. అక్కడి నించి ఆ ఫోను ఇంకోడి నడుమున నడిచింది.”

“ఎవరి నడుమున?”

“నాలుగు లోపల సెప్తాను.”

“చెప్పకపోతే?” అన్నాడు అప్పలనరసింహం.

“మీకు రాయడం అలవాటే కదండి. రాసీయండి.”

పన్నెండున్నరకి పోతురాజు మోటారు సైకిలు అయిదో రాయి దగ్గర ఆగింది. వెనక లావణ్య దిగింది. ఒకవైపు నరికిన చెరకు మడి, ఒకవైపు నరకని చెరకు. మధ్య బండిదారి మీద ట్రాక్టరు చక్రాల జాడలు.

పోతురాజు రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. పసుపు, కుంకుమ మరకల మీద, మోకాలెత్తున, నీలం రంగు గీసుకుపోయింది. గోటితో గీకి చూశాడు. పెచ్చు ఊడింది. కొత్తదే. చెరకు సాలులోకి చెయ్యి పెట్టి వెతికాడు. ఎండుసోగ కింద ఈతాకు బుట్ట అంచు, చెయ్యెడు ముక్క దొరికింది. దానికి ఎండిన పసుపు ఇంకా అంటుకునే ఉంది. ఇంకాస్త లోపల సోగంతా మనిషి పొడుగున అణిగిపోయి ఉంది.

“ఇక్కడ పడుకోబెట్టేడు,” అన్నాడు. “ఏడుంపావు నించి తొమ్మిది దాకా, ఇంచుమించు రెండు గంటలు. ఆ తరవాత చెరకు లోడులో దాచి రోడ్డు మీదికి తోలేడు. ఈలోగా ఫోనుని ఎనిమిదో రాయి దాకా నడిపి, అక్కడ తుప్పల్లో పెట్టి వచ్చుంటాడు.”

లావణ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “రెండు గంటలా బాబాయ్? అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్తే...”

పోతురాజు నీలం పెచ్చూ బుట్ట అంచూ సంచిలో వేసుకున్నాడు. నీలం ట్రాక్టర్లు ఈ మండలంలో వంద ఉంటాయని తనకి తనే చెప్పుకున్నాడు.

ఫోనులో ముడిగీత చూపిస్తూ లావణ్య ముందు నడిచింది. కాలవగట్టు ఎక్కారు. నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఈ గట్టు మీద పోతురాజు నలభై ఏళ్లుగా అడుగు పెట్టలేదు. కాలవ వెడల్పు చేసినప్పుడు పాత గట్టు పోయింది, చెట్లు పోయాయి. కాలవ వంపు మాత్రం అలాగే ఉంది, కొడవలిలా. ఆ వంపు దగ్గర నీళ్లు చేసే చప్పుడు కూడా అదే. అమ్మ తనని చంకన ఎత్తుకుని, ఆకులో తొలిపాకం పట్టుకుని, అన్నయ్యని ముందు నడవమని అదిలిస్తూ...

“ఇదే సోటు బాబాయ్. మూడు చుట్లూ ఇక్కడే. ఏటీ లేదు, సూడండి. వట్టి నేల.” లావణ్య వెనక్కి తిరిగింది. ఆ పిల్ల మొహంలో వింత కనిపించింది. “బాబాయ్, మీరేటి సెప్పులిప్పీసేరు?”

పోతురాజు కాళ్ల వైపు చూసుకున్నాడు. చెప్పులు నాలుగడుగుల వెనక, పక్కపక్కన పొందిగ్గా విడిచి ఉన్నాయి. ఎప్పుడు విప్పాడో తెలియదు. వట్టికాళ్లతో ఉన్నాడు. ఖాళీ నేలకి కుడివైపు ఒరిగి, చుట్టులో అప్పుడే సగం తిరిగి ఉన్నాడు.

ఇరవై సెకన్లు. చెప్పులు విప్పడానికి పట్టే టైము.

 గట్టు మీద అలాగే కూలబడ్డాడు.

“ఇక్కడ మూడు రాళ్లూ, వాటి మీద ఒక బల్లపరుపు రాయీ ఉండేయమ్మా,” అన్నాడు. “అచ్చమ్మ పేరంటాలు. మా నాన్నకి ముత్తవ్వ అవుతాది. ఊరి దేవత కాదు, మా ఇంటి దేవతే. ఏటా తొలిపాకం ఇక్కడ పెట్టి, మూడు సుట్లు తిరిగి, అప్పుడే పిల్లల సేతిలో బెల్లం పెట్టేవోరు. ఎనభై అయిదులో కాలవ వెడల్పు సేసేరు. పొక్లెయినొచ్చి రాళ్లెత్తీసింది. మా అమ్మ వారం రోజులు అన్నం తిన్లేదు. ఆ తరవాత ఈ సోటు పేరు ఎవలూ ఎత్తలేదు.”

“అయితే ఇక్కడ తిరిగినోడు...”

“మా ఇంటోడే. మా ఇంట్లో ఇంక మిగిలింది ఇద్దరం. నానొకణ్ణి.”

గానుగ దగ్గర పరదేశి పాకం కలియబెడుతున్నాడు. అరవైకి దగ్గర పడ్డా కండ తగ్గలేదు. షెడ్డు పక్కన నీలం ట్రాక్టరు. ముందు బంపరు కొస సొట్ట పడింది. సొట్ట మీద కొత్త రంగు, బ్రష్షు గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. టైము రెండు కావొస్తోంది. లావణ్యని దారిలోనే దింపేసి వచ్చాడు పోతురాజు.

“రారా తమ్ముడూ! ఎన్నాళ్లకి గుర్తొచ్చేను! పాకం తింతావేటి?”

“తొలిపాకం ఎక్కడ పెట్టేవన్నియ్యా ఈ ఏడు?”

తెడ్డు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది.

“ఇప్పుడెవలు పెడతన్నారు? అయన్నీ అమ్మతోనే పోయేయి.”

“మరి తొమ్మిది రోజుల కిందట, ఏడూ నలభై తొమ్మిదికి, సెప్పులిప్పి ఎందుకు తిరిగేవు?”

 పెనంలో పాకం బుడగలు లేచి పేలుతున్నాయి. పాకం అడుగంటే వాసన వస్తున్నా తెడ్డు కదల్లేదు.

“ఎవలు సూసేరు?” అన్నాడు పరదేశి.

“ఎవలూ సూళ్లేదు. ఫోను రాసుకుంది.”

పరదేశి తెడ్డు వదిలేసి పొయ్యిలో నిప్పు లాగేశాడు. నేల మీద కూర్చున్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

“బండిదారిలోకి తిప్పతన్నాను రా ట్రాక్టరు. ఎనకాల సెరుకు లోడు. ముందు మలుపులో ఆడు కనిపించేడు. ఆగుతాడనుకున్నాను. ఎవడైనా ఆగుతాడు కదేటి! ఆడు ఆగలేదు. నాను కేకేసేను. తలెత్తలేదు. బంపరు కొస రాయికి రాసుకుని ఆడికి తగిలింది, రాయి మీద పడిపోనాడు.”

“పొలి మనిషి ఆగడని తెల్దా నీకు?”

“పండగనుకున్నానేటి? పొద్దుట పూట, పసుపన్నం లేని బుట్ట... ఎవడో నడిసెళ్తన్నాడనుకున్నాను. దగ్గిరికెల్లి సూత్తే బంగారయ్య. నడుముకి ఫోను.”

“పదకొండు నిమిషాలు ఏటాలోసించేవు?”

పరదేశి తల దించుకున్నాడు. “మన నేల గురించి.”

“మన నేలా?”

“అప్పలనరసింహం గారు వారం ముందు ఒచ్చేరు. ముసలోడి గీత తాతలనాటి దారిలోనే పడితే మన అన్నదమ్ముల రెండెకరాల యాభై నాలుగు సెంట్లూ మాన్యంలో కలిసిపోతాదన్నారు. కాలవ కాసి జరిగితే నిలబడతాదన్నారు. నానేటి సెయ్యమన్నారని అడిగితే, నానేటీ సెప్పలేదని నవ్వేరు. తాత మాన్యం కౌలుకి సేసి సేసి పట్టా రాయించుకున్నాడంటరా! నాకు తెల్దు. మన నాన్న అక్కడే కదా మనకి నాగలి పట్టడం నేర్పేడు.”

“అందుకని ముసలోణ్ణి సోగలో కప్పెట్టి నడిసేవు.”

“ఊపిరాడతాంది, బతుకుతాడనుకున్నాను. కాలవ వంపు దగ్గిరికొచ్చేసరికి సెప్పులిప్పీసేను. పాపం సేత్తన్నానని తెలిసిపోనాది. తల్లీ కాపాడని మూడు సుట్లు తిరిగేను. రాళ్లు లేవు, ఏటీ లేదు. అయినా తిరిగేను.” పరదేశి తమ్ముడి మోకాలు పట్టుకున్నాడు. “సిగ్నలు తప్పని సెప్పీ రా. ఎవలికీ తెల్దు కదా. నీ వాటా నీకుంటాది. సదువు లేదు, కొలువు పోనాది, పిల్ల పెళ్లికి ఇల్లమ్ముకున్నావు. నీకింక మిగిలిందేటి రా అది తప్ప?”

నిజమే. ఆ నేల తప్ప ఇంకేమీ లేదు. ఆ నేలలో ఇద్దరూ చెరకు గడ విరిచి పంచుకున్న రోజులున్నాయి. పెద్ద ముక్క ఎప్పుడూ తమ్ముడికే ఇచ్చేవాడు పరదేశి. అది గుర్తు రాకుండా ఉంటే పోతురాజుకి కదలడం ఇంకొంచెం తేలికయ్యేది.

“ఒక ఆడపిల్ల బతుకు పోతాదన్నియ్యా. మన ఊరి పిల్ల. నాలుగు లోపల స్టేషనుకి ఎల్లు. నువ్వెల్లకపోతే నాను ఎల్లాల.”

“నీ సొంత అన్నని రా!”

“బంగారయ్యకి కూడా తమ్ముడున్నాడు. ఆస్పత్రి వరండాలో పడుకున్నాడు.”

పోతురాజు మోటారు సైకిలు ఎక్కాడు.

మూడూ నలభైకి ప్రాజెక్టు గదిలో తెర మీద మూడు విశ్వవిద్యాలయాల మొహాలు మూడు గళ్లలో వెలుగుతున్నాయి. లావణ్య గోడకానుకుని నిలబడింది. పోతురాజు బల్ల మీద ఈతాకు బుట్ట అంచు, నీలం పెచ్చు, ఆస్పత్రి కాగితం వరసగా పెట్టి, జరిగింది చెప్పాడు. అన్న పేరు దగ్గర కూడా ఆగలేదు.

అతను ముగించేలోపే పావని ఫోను మోగింది. ఆవిడ విని, పెట్టేసి, నెమ్మదిగా అంది. “పరదేశి గారు స్టేషనుకి వెళ్లి కూర్చున్నారట. ట్రాక్టరు కూడా తీసుకెళ్లారట.”

లావణ్య ఒక్కసారి గోడ మీంచి జారి నేల మీద కూర్చుండిపోయింది. ఉదయం నుంచి దాచుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

“అప్పలనరసింహం గారూ,” అన్నాడు పోతురాజు, “వారం ముందు మా అన్న గానుగకి ఎందుకెల్లేరు?”

“ఓ రైతుకి చట్టం చెప్పాను. తప్పా? సాక్ష్యం ఉందా? ఫోనేదైనా రాసుకుందా?” అప్పలనరసింహం నవ్వుతూ లేచాడు. ఈసారి కూడా ఆయన మీద ఏ రుజువూ లేదు. గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. “నీ తెలివి తగలెయ్య. నువ్వు గెలిచావనుకుంటున్నావు. ఎవడి నేల మీద గెలిచావో చూసుకో.”

“ఈసారి గొలుసు లెక్క తప్పలేదు కదండి?” అన్నాడు పోతురాజు.

ఆయన మెట్లు దిగిపోయాడు.

అనిల్ అయిదో రాయి తరవాతి గీతంతా చెరిపేశాడు. బంగారయ్య నోటితో చెప్పిన దారిని అక్కడి నుంచి చుక్కల గీతగా వేశాడు. గీత పడమటకి జరిగింది. కాలవ వంపు దగ్గర కర్సరు ఆపి అడిగాడు. “ఈ చోటికి చుక్క పెట్టమన్నారు మేడమ్. ఏమని రాయాలి సార్?”

“అచ్చమ్మ పేరంటాలు. ఎనభై అయిదు దాకా ఉండేదని రాయి బాబూ. తొలిపాకం పెట్టేవోరని రాయి.”

చిన్న పసుపు చుక్క వెలిగింది. 

పావని ఒక కాగితం ముందుకి జరిపింది. “ఏ సాక్ష్యమైనా పటంలోకి ఎక్కాలంటే ఇది తప్పదు పోతురాజు గారూ. చెప్పినవారి పేరు, ఊరు, సంతకం. ఆఖరి గడి కూడా మీరే నింపాలి. ఈ సమాచారం వల్ల మీకు కలిగే లాభం గాని, నష్టం గాని. మీరు కావాలంటే...” 

పోతురాజు కలం తీసుకున్నాడు. ఏడో తరగతి దస్తూరీతో, ఒక్కో అక్షరం దిద్దినట్టు పేరు రాశాడు, ఊరు రాశాడు. ఆఖరి గడి దగ్గర కలం ఆగింది. కిటికీలోంచి బెల్లం మార్కెట్ వైపు వెళ్లే లారీల చప్పుడు వినిపిస్తోంది. తరవాత ఇలా రాశాడు.

“లాభం ఏమీ లేదు. నష్టం, ఈతమానుపాలెం అయిదో రాయి తూర్పు చెక్కలో నా వాటా, ఎకరా ఇరవై ఏడు సెంట్లు.”